ఆనవాళ్ల హాజరు పట్టీ

తుమ్మలేరు పురపాలక సంఘంలో ఆనవాళ్లు విధులకు సక్రమంగా రావడం లేదని ఆ ఏడాది జూలైలో తేలింది.

అంతకుముందు ఊళ్లో ఎవరికీ ఆ అనుమానం రాలేదు. మేజరు పంచాయతీ మునిసిపాలిటీ అయి ఆరేళ్లయినా ఊరు ఊరులాగే ఉంది. పదిహేడు బస్సు స్టాపులు, నాలుగు ఆటో స్టాండ్లు, రెండు టౌను బస్సులు. ఏ స్టాపు ఎక్కడుందో ఎక్కేవాళ్లకి తెలుసు, దిగేవాళ్లకి తెలుసు, కండక్టరు నాగూర్‌కి కళ్లు మూసుకున్నా తెలుసు. తెలియనిది పై ఆఫీసుకి ఒక్కదానికే. అందుకని పైనుంచి పథకం వచ్చింది. చిన్న ఊళ్లు కూడా తమ రాకపోకల వివరాలన్నీ కంప్యూటరు పటం మీదికి ఎక్కించుకోవాలి. ఏ బస్సు ఎక్కడ ఆగుతోంది, ఎంతమంది ఎక్కుతున్నారు, ఎక్కడ నిలబడడానికి నీడ లేదు, ఏ వీధికి బస్సే అందడం లేదు, ఇవన్నీ ఒకచోట కనిపిస్తే ఉన్న రెండు బస్సులనే నలుగురికీ పనికొచ్చేట్టు తిప్పుకోవచ్చు.

పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. హైస్కూల్లో తెలుగు చెప్పే భూషణం మాస్టారు పేపర్లో ఆ వార్త చదివి, మంచి పనే అనుకున్నారు. చదివి వినిపించడానికి ఇంట్లో ఎవరూ లేరు గనుక పేపరు మడిచి పెట్టారు.

పథకంతో పాటు ఇంగ్లీషులో ఒక ఫారం వచ్చింది. దాన్ని తెలుగు చేసే పని శానిటరీ ఇన్‌స్పెక్టరు పరంధామయ్యకి పడింది. దోమల పొగ మిషను మరమ్మతుకి వెళ్లినందువల్ల ఆయన ఖాళీగా కనిపించాడు. ఖాళీగా కనిపించినందువల్ల ఆయన్ని 'స్థలసంబంధ రవాణా దత్తాంశ విభాగం', అంటే డేటా సెక్షను, ఇన్‌ఛార్జిని చేశారు. ఫారంలో పద్నాలుగో గడి, ప్రతి స్టాపు దగ్గరా ప్రస్తుతం ఉన్న ఆనవాలు ఏమిటని అడుగుతోంది. గుడి ఉంటే గుడి, మిల్లు ఉంటే మిల్లు. 'ప్రస్తుతం' అనడానికి అక్కడ వాడిన ఇంగ్లీషు మాట 'ప్రెజెంట్'. పరంధామయ్య తన ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆ మాటని పారిశుధ్య కార్మికుల హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా చూసి ఎరగడు. అందుకని, 'ఆనవాలు: హాజరు / గైర్హాజరు' అని తెలుగు చేశాడు.

అనువాదం ఆమోదం కోసం పైకి వెళ్లి మూడు సంతకాలతో తిరిగొచ్చింది. ఒక సంతకం ఉన్నంతవరకు తప్పు తప్పే. మూడు పడ్డాక అది నిబంధన.

కమిషనరు నిరంజన్‌కుమార్ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. దత్తాంశమంటే చెవి కోసుకునే మనిషి. కాలవల పూడిక తీసే పదిమందిని ఆ పని నుంచి తప్పించి, తలా ఒక ట్యాబ్ చేతికిచ్చి, రోజూ ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి అన్ని స్టాపుల్లోనూ ఆనవాళ్ల హాజరు తీయించాడు. నెలకి డెబ్బై ఐదు శాతం హాజరు లేని ఆనవాలుకి మెమో. మెమోకి జవాబు రాకపోతే స్టాపు పటంలోంచి రద్దు. పటంలో లేని స్టాపులో బస్సు ఆపరాదని డిపోకి లేఖ.

మొదటి వారంలోనే ఊరి క్రమశిక్షణ ఎంత దిగజారిందో బయటపడింది. పాత టాకీసు స్టాపులో టాకీసు పన్నెండేళ్లుగా విధులకు రావడం లేదు. కొత్త వంతెన స్టాపులో వంతెన హాజరే గానీ అది కొత్తది కాదు. ఆ సగం హాజరుని ఎట్లా లెక్కించాలో తేల్చడానికి రెండు సమావేశాలు పట్టాయి. మూడు తాళ్ల సెంటరులో ఒకప్పుడు మూడు తాడిచెట్లుండేవి, ఇప్పుడు ఒకటే ఉంది. ముప్పై మూడు శాతం. పరంధామయ్య స్వయంగా వెళ్లి చూసి సమస్యని అక్కడికక్కడే పరిష్కరించాడు. బజారు నుంచి మూడు కొబ్బరి తాళ్లు తెప్పించి, అక్కడున్న బోర్డుకి వేలాడదీయించాడు. మూడు తాళ్లూ హాజరు. మిగిలిన తాడిచెట్టు అదనపు సిబ్బందిగా నమోదైంది.

గేదెల రేవు స్టాపుది ఇంకో చిక్కు. గేదెలు సాయంత్రం నాలుగింటికి గానీ రేవుకి రావు. కాబట్టి ఆ స్టాపు సాయంత్రం ఉంటుంది, పొద్దున ఉండదు. పొద్దున అక్కడ బస్సెక్కాలనుకున్నవాళ్లు గేదెను వెంట తోలుకుని రావలసి వచ్చింది. బస్సు రాగానే వాళ్లు ఎక్కేవాళ్లు, గేదె ఇంటికి వెళ్లిపోయేది. ఈ ఏర్పాటుకి మనుషుల కంటే గేదెలే ముందు అలవాటుపడ్డాయి.

తొమ్మిదో వార్డులో, భూషణం మాస్టారి వీధి చివర ఉన్నది టీచరమ్మ స్టాపు.

నిజానికి అక్కడ స్టాపు ఉండడానికి తగిన కారణమేదీ లేదు. ఒక కల్వర్టు, ఒక కరెంటు స్తంభం, అంతే. ఇరవై రెండేళ్ల కిందట మాస్టారి భార్య విశాలాక్షికి ఇటుక బట్టీల కాలనీ బడికి బదిలీ అయింది. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరం. బడి మొత్తానికి ఒక్కతే టీచరు. ఎనిమిదీ పది బస్సు కోసం ఆవిడ కల్వర్టు పక్కన నిలబడేది. చెయ్యెత్తి ఆపేది కాదు, ఊరికే నిలబడేది. మొదటి వారం బస్సు వేగం తగ్గించింది. రెండో వారం ఆగింది. తర్వాత ఆకుకూరలమ్మే సామ్రాజ్యం గంపతో వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. ఆ తర్వాత వీధంతా అక్కడే ఎక్కడం మొదలుపెట్టింది. సాయంత్రాలు నాగూర్ ఫుట్‌బోర్డు మీంచి "టీచరమ్మ, టీచరమ్మ" అని కేకేస్తే దిగేవాళ్లు లేచేవాళ్లు. అట్లా ఆ చోటుకి పేరొచ్చింది.

నిరుడు నవంబరులో విశాలాక్షి పోయింది. బస్సు ఆగడం మానలేదు. నాగూర్ కేక మానలేదు. మాస్టారు స్కూలు వదిలాక కూడా కాసేపు స్టాఫ్‌రూములో కూర్చుని, ఆ కేక వినబడే వేళకి వీధి చివరకి చేరేట్టు బయల్దేరేవారు. ఇది ఆయన ఎవరికీ చెప్పిన సంగతి కాదు.

ఆగస్టు మొదటి వారంలో స్తంభానికి ఒక కాగితం అతికించి ఉంది. శ్రీమతి టీచరమ్మ గారికి, టీచరమ్మ స్టాపు, తొమ్మిదవ వార్డు, అని పైన చిరునామా. తమరు గత ముప్పది దినములుగా ఉదయ సాయంత్రములు రెండు పూటలా తమ స్థానమునందు గైర్హాజరై యున్నారని దత్తాంశము ద్వారా వెల్లడైనది. ఇందులకు గల కారణములను ఏడు దినములలోగా స్వయముగా హాజరై లిఖితపూర్వకముగా తెలుపవలెను. లేనియెడల తమ స్టాపును పటము నుండి తొలగించబడును.

మాస్టారు ఒకసారి విషయం కోసం చదివారు. రెండోసారి వ్యాకరణం కోసం చదివారు. చివరి వాక్యంలో ఒక తప్పు కనిపించింది. 'స్టాపును' కాదు, 'స్టాపు' అని ఉండాలి. ఆ తప్పుని పట్టుకుని అక్కడ కాసేపు నిలబడ్డారు.

"ఏం రాశారు మాస్టారూ?" అంది సామ్రాజ్యం. ఆమెకి చదువు రాదు.

"టీచరమ్మని ఆఫీసుకి రమ్మన్నారు."

సామ్రాజ్యం గంప దించి కల్వర్టు మీద పెట్టింది. "ఎట్టా వచ్చుద్దయ్యా?"

"ఎందుకు రాలేదో అదే చెప్పమంటున్నారు," అన్నారు మాస్టారు.

మర్నాడు ఒంటిగంట బెల్లయ్యాక మాస్టారు మునిసిపల్ ఆఫీసుకి వెళ్లారు. ఆయన రాసి తెచ్చిన జవాబు ఒక్క వాక్యం. మెమోలో పేర్కొన్న టీచరమ్మ అనగా తన భార్య విశాలాక్షి అనీ, ఆమె గత నవంబరు తొమ్మిదిన మరణించినదనీ. పరంధామయ్య ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, కాగితం రెండుసార్లు చదివి, ఇబ్బందిగా కదిలాడు. తప్పు పట్టడానికి లేని జవాబే గానీ, దాన్ని ఎక్కించడానికి కంప్యూటరులో చోటు లేదన్నాడు. ఉన్నవి నాలుగే గడులు. హాజరు, గైర్హాజరు, సెలవు, బదిలీ.

"చావుకి గడి లేదు మాస్టారూ," అన్నాడు.

మరణ ధ్రువపత్రం ఇదే ఆఫీసు ఇచ్చిందని మాస్టారు గుర్తుచేశారు. దాని కింద సంతకం కూడా పరంధామయ్యదే.

"నాదే, కాదన్లా. అది జనన మరణాల రిజిస్ట్రారు హోదాలో చేశా. ఇక్కడ కూర్చుంది దత్తాంశం ఇన్‌ఛార్జి. ఆ లాగిన్ వేరు, ఈ లాగిన్ వేరు. ఆయనకి తెలిసింది నాకు తెలవగూడదు, అట్టా రూలు."

తర్వాత ఆయనే ఉపాయాలు వెతికాడు. మంచి మనిషే. సెలవు పెడితే గట్టెక్కవచ్చు గానీ నూట ఎనభై రోజులు దాటితే మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలి. బదిలీ అన్నిటికన్నా శుభ్రమైన దారి. ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. కాకపోతే ఆనవాలు ఇప్పుడు ఎక్కడుందో ఆ కొత్త స్థానం అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి.

మాస్టారు గోడమీది పటం వైపు చూశారు. అది తుమ్మలేరు పొలిమేర దగ్గర ఆగిపోయింది.

"అవి నా దగ్గర లేవు," అన్నారు.

పరంధామయ్య ఆయన్ని కమిషనరు దగ్గరకి తీసుకెళ్లాడు. నిరంజన్‌కుమార్ గది గోడంతా ఒకటే తెర. దానిమీద తుమ్మలేరు ఎరుపు, పచ్చ చుక్కలుగా మెరుస్తోంది. ఆనవాళ్ల హాజరులో తుమ్మలేరు రాష్ట్రంలోనే ప్రథమ స్థానంలో ఉందని కమిషనరు చెప్పాడు. మిగతా సంఘాలు ఇంకా హాజరు తీయడం మొదలుపెట్టలేదు గనుక ద్వితీయ స్థానం ప్రస్తుతానికి ఖాళీ. వచ్చే నెల పొరుగు సంఘాల అధికారులు అధ్యయనానికి వస్తున్నారు. అప్పటికి ఒక్క ఎర్రచుక్క కూడా ఉండకూడదు.

"ఒకప్పుడు పరిపాలన మనుషుల జ్ఞాపకం మీద నడిచేది మాస్టారూ," అన్నాడు. "ఇక మీదట సాక్ష్యాధారిత పరిపాలన. ఊరు ఎట్లా ఉందో పటం చెప్పడం కాదు, పటం ఎట్లా ఉందో ఊరు అట్లా ఉండాలి. అదే సుపరిపాలన."

మాస్టారు వాదించలేదు. వార్డులో అరవై మంది దాకా ఆ స్టాపు మీద ఆధారపడి ఉన్నారనీ, పేరు మార్చకుండా స్టాపుని ఉన్నది ఉన్నట్టు ఉంచడానికి ఏమైనా వీలుందా అనీ అడిగారు. పేరు సంగతి చెప్పేటప్పుడు తెర వైపు చూస్తూ చెప్పారు.

కమిషనరు ఆలోచించాడు. ఆలోచన వచ్చినప్పుడు ఆయన కుర్చీలోంచి లేస్తాడు. లేచాడు. "తప్పకుండా ఉంచుదాం. ఆనవాలు లేకపోతే తెప్పిద్దాం. టీచరమ్మ అంటే టీచరే కదా. మనకి టీచర్లు లేరా?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. విశాలాక్షి ఖాళీలో జనవరి నుంచి పనిచేస్తున్న ఎస్తేరు రాణి అనే అమ్మాయి అదే వార్డులో గది అద్దెకి తీసుకుని, అదే స్టాపులో ఎనిమిదీ పది బస్సెక్కి బట్టీల కాలనీకి వెళ్తోందని దత్తాంశం కనిపెట్టింది. కాబట్టి ఆమెకన్నా తగినవారు లేరు. సదరు ఎస్తేరు రాణి ఉదయం ఎనిమిది గంటల నుండి సాయంత్రం ఐదు గంటల వరకు టీచరమ్మ స్టాపునందు ప్రతినిధి ఆనవాలుగా ఉపస్థితురాలై యుండవలెను. ఈ వ్యవధిలో ఆమె ఎటువంటి బస్సును ఎక్కరాదు.

ఎస్తేరు గొడుగు వేసుకుని కల్వర్టు పక్కన నిలబడింది. రెండు పూటలా ట్యాబ్ మనిషి వచ్చి ఆమె ఫొటో తీసుకుని హాజరు వేసుకునేవాడు. తెరమీద ఎర్రచుక్క పచ్చబడింది. బట్టీల కాలనీలో బడికి తాళం పడింది.

నాలుగు రోజులు చూసి, కాలనీవాళ్లు టీచరు ఎక్కడుందో వాకబు చేశారు. కల్వర్టు దగ్గరుందని తెలిసింది. ఐదోరోజు పొద్దున పిల్లలకి సద్దులు కట్టి, ఊళ్లోకి తిరిగొచ్చే బస్సు ఎక్కించి పంపారు. ఇరవై ముగ్గురు పిల్లలు టీచరమ్మ స్టాపులో దిగి, కల్వర్టు మీద కొందరు, పక్కన నేలమీద కొందరు వరసగా కూర్చున్నారు. ఎస్తేరు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, గొడుగు స్తంభానికి కట్టి, రెండో ఎక్కం మొదలుపెట్టింది. ఉత్తర్వులో బస్సు ఎక్కరాదని ఉంది గానీ పాఠం చెప్పరాదని లేదు.

ఇరవై రెండేళ్లుగా టీచరుని పిల్లల దగ్గరకి చేరవేస్తున్న బస్సు ఇప్పుడు పిల్లల్ని టీచరు దగ్గరకి చేరవేస్తోంది. ఆ మార్గంలో ప్రయాణికులు ఒక్క వారంలో నలభై శాతం పెరిగారని తెర చూపించింది. కమిషనరు ఆ అంకెని పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి ఆఫీసు గుమ్మంలో పెట్టించాడు. రవాణా దత్తాంశం వల్ల చిన్న సంఘాలకి కలిగే లబ్ధికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుందని కింద రాయించాడు.

మాస్టారు రోజూ సాయంత్రం వచ్చేసరికి పిల్లలు తిరుగు బస్సు కోసం ఎదురుచూస్తూ ఉండేవారు. ఆయన వాళ్ల పక్కన కూర్చుని రెండు గుణింతాలు దిద్దించేవారు.

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉంటున్నా సార్," అంది ఎస్తేరు ఒకరోజు. "నాకు రెండు పూటలా హాజరు వేస్తున్నారు. పిల్లలకి వెయ్యమంటే, వాళ్లు ఆనవాళ్లు కాదమ్మా అంటున్నాడు."

"నువ్వు వెయ్యి. ఎర్ర సిరాతో వెయ్యి," అన్నారు మాస్టారు.

రెండో వారంలో ట్యాబ్ మనిషి, చుట్టుపక్కల ఏముందని అడిగే గడి నింపకపోతే ట్యాబ్ ముందుకి కదలడం లేదని, కల్వర్టు దగ్గర 'పాఠశాల' అని నొక్కాడు. అతను చూసింది అదే. పాఠశాలకి వంద మీటర్ల లోపు ప్రధాన రహదారి మీద బస్సు నిలపరాదని కంప్యూటరుకి ముందే నేర్పి పెట్టారు. మర్నాడు డిపోకి లేఖ దానంతటదే వెళ్లింది. టీచరమ్మ స్టాపు పటంలో ఉంది. ఆనవాలు నూటికి నూరు శాతం హాజరు. బస్సు మాత్రం ఆగదు.

నాగూర్ రెండుసార్లు ఆపి, మెమో తీసుకున్నాడు. మూడోసారి నుంచి పిల్లల్ని మూడు తాళ్ల సెంటరులో దించాల్సి వచ్చింది. అక్కణ్నించి కల్వర్టుకి అర కిలోమీటరు, లారీలు తిరిగే రోడ్డు. సామ్రాజ్యం గంప నెత్తిన పెట్టుకుని వాళ్లకీ లారీలకీ మధ్య అడ్డంగా నడిచేది. మూడోరోజు ఒక లారీ మూడో తరగతి పిల్ల భుజానున్న సంచిని లాక్కుపోయింది. పిల్లకి దెబ్బ తగల్లేదు. సంచి మాత్రం దొరకలేదు.

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి వెళ్లలేదు. తిన్నగా ఆఫీసుకి వెళ్లారు. ఇదంతా పేరు మార్చకుండా ఉంచమని తను అడిగిన ఒక్క మాట వల్ల వచ్చిందని ఆయనకి దారిపొడుగునా తెలుస్తూనే ఉంది.

ఆయన చెప్పిన ఉపాయం చిన్నది. బడికి వెళ్లనిస్తే ఎస్తేరు ఎట్లాగూ పొద్దున ఎనిమిదీ పదికి ఆ స్టాపులో బస్సెక్కుతుంది, సాయంత్రం నాలుగూ నలభైకి దిగుతుంది. హాజరు ఆ రెండు వేళలకి మార్చుకుంటే చాలు. మధ్యలో ఆమెని బడికి పోనివ్వండి. పిల్లలు కాలనీలోనే ఉంటారు. కల్వర్టు దగ్గర పాఠశాల ఉండదు. బస్సు ఆగుతుంది.

కమిషనరు మెచ్చుకున్నాడు. పరంధామయ్య మాత్రం గొంతు సవరించుకుని ఒక నిబంధన చదివాడు. ప్రతినిధి ఆనవాలైతే పూర్తికాలం ఉండాలి. అసలు ఆనవాలైతేనే రెండు వేళలా కనిపిస్తే సరిపోతుంది. ఎస్తేరు ప్రతినిధి. అసలు టీచరమ్మ ఎవరో మాస్టారే స్వహస్తాలతో రాసిచ్చారు, ఆ కాగితం ఫైల్లో ఉంది.

"అయితే ఆ కాగితాన్ని రద్దుచేస్తూ ఇంకో కాగితం ఇవ్వండి," అన్నాడు కమిషనరు. "కుటుంబం తరఫున నిరభ్యంతర పత్రం. ఆ పేరు ఎస్తేరు రాణిదే అని."

పరంధామయ్య కాగితం తయారుచేసి తెచ్చాడు. టీచరమ్మ అను పేరు ఎస్తేరు రాణికి చెందినదనియు, తన భార్య శ్రీమతి విశాలాక్షికి చెందినది కాదనియు, పూర్వమెన్నడును చెందియుండలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.

మాస్టారు కలం మూత తీశారు. వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి చదివారు.

"ఈ 'పూర్వమెన్నడును' అన్నది తీసేయొచ్చా?" అన్నారు.

"కుదరదు మాస్టారూ. పూర్వం ఆవిడదే అని ఒప్పుకుంటే ఆవిణ్ణి బదిలీ కింద చూపించాలి. మళ్లా అక్షాంశ రేఖాంశాల దగ్గరికి వస్తాం."

ముప్పై రెండేళ్లుగా పిల్లల వాక్యాల్లో అబద్ధం కనిపిస్తే పక్కన గీత పెట్టిన మనిషి. 'నేను నిన్న జ్వరముచే బడికి రాలేదు' అని రాసినవాణ్ని పిలిచి నుదురు ముట్టుకుని చూసి మరీ గీత పెట్టేవారు. మాస్టారు ఆ వాక్యం కింద సంతకం పెట్టారు. తేదీ వేశారు. కలం మూత పెట్టారు.

కాగితం అందుకుంటూ పరంధామయ్య, తన పెద్దకూతురికి అ ఆలు దిద్దించింది ఆవిడే అని నెమ్మదిగా చెప్పాడు. అది ఏ హోదాలో చెబుతున్నాడో మాస్టారు అడగలేదు.

కల్వర్టు దగ్గరి 'పాఠశాల' పటంలోంచి చెరిపి, తనిఖీ దాకా అక్కడ బస్సు ఆపమని డిపోకి లేఖ పంపారు. ఇక ఒక్క గడి మిగిలింది. తనిఖీ అధికారి ఎదుట స్థానికులెవరైనా, ఎవరూ ప్రేరేపించకుండా, ఆనవాలుని ఆ పేరుతో గుర్తించాలి. గుర్తిస్తే స్టాపు శాశ్వతం. లేకపోతే ఆ పూటతో రద్దు. అధ్యయనానికి వచ్చే పొరుగు సంఘం అధికారే ఆ తనిఖీ చేస్తాడు.

అక్కడే వచ్చింది చిక్కు. వార్డులో ఎస్తేరుని టీచరమ్మ అన్నవాళ్లు లేరు. కొత్త మేడం అంటారు, ఎస్తేరమ్మ అంటారు. సామ్రాజ్యం అయితే 'ఓ పిల్లా' అంటుంది. ముందురోజు సాయంత్రం మాస్టారు బస్టాండుకి వెళ్లి, టికెట్ల మిషను అప్పగించి వస్తున్న నాగూర్‌ని పట్టుకున్నారు. రేపు పొద్దున ఆ అమ్మాయిని టీచరమ్మా అని పిలవమన్నారు.

నాగూర్ సంచి భుజానికి వేసుకున్నాడు, తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. "ఇరవై రెండేళ్లు ఒక మనిషిని పిలిచిన నోరు సార్ ఇది."

"తెలుసు."

"పిలవకపోతే?"

"స్టాపు పోతుంది నాగూర్. బడి కూడా."

"మీరు చెప్తున్నారు గాబట్టి చూస్తా సార్," అన్నాడు నాగూర్. "నోరు తిరిగితే పిలుస్తా."

మర్నాడు సన్నగా వాన పడుతోంది. ఎనిమిది కాకముందే పొరుగు సంఘం అధికారి రెయిన్‌కోటులో వచ్చి, కల్వర్టు పొడవు కొలిపించి, స్తంభాన్ని నాలుగు వైపుల నుంచి ఫొటో తీయించాడు. కమిషనరు, పరంధామయ్య జీపులో కూర్చుని చూస్తున్నారు. స్థానికులని ప్రేరేపించినట్టు అవుతుందని వాళ్లు దిగలేదు. సామ్రాజ్యం గంపమీద గోనె కప్పుకుని నిలబడింది. ఆమె పక్కన ఎస్తేరు. పేరు పెట్టి ఎవరైనా పిలిచేదాకా బస్సెక్కవద్దని పరంధామయ్య ఆమెకి ముందురోజే చెప్పాడు. మాస్టారు వాళ్లకి నాలుగు అడుగుల ఎడంగా, గొడుగు కింద ఉన్నారు.

"ఇందులో ఆనవాలు ఎవరు?" అని అధికారి సామ్రాజ్యాన్ని అడిగాడు.

సామ్రాజ్యం మాస్టారి వైపు చూసింది. తనకి తెలియదంది. ఇరవై రెండేళ్లలో ఆ స్టాపులో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అదే అయివుంటుంది.

బస్సు వచ్చి ఆగింది. నాగూర్ ఫుట్‌బోర్డు మీద ఉన్నాడు. ఎస్తేరుని చూశాడు. మాస్టారిని చూశాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి గానీ ఆ మాట రాలేదు.

"ఎక్కేవాళ్లు ఎక్కండి," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా.

ఎవరూ కదల్లేదు. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. అధికారి వాచీ చూసుకుని, చేతిలోని ట్యాబ్ మీది వాన చుక్కల్ని తుడిచి, గైర్హాజరు గడి వైపు వేలు పోనిచ్చాడు.

మాస్టారు గొడుగు ముడిచి రెండడుగులు ముందుకి వేశారు.

"టీచరమ్మగారూ, బస్సొచ్చింది," అన్నారు. చివరి బెంచీ దాకా వినబడాలని పాఠం చెప్పేటప్పుడు ఎట్లా ఉంటుందో ఆయన గొంతు అట్లాగే ఉంది. "ఎక్కండి. పిల్లలు ఎదురుచూస్తుంటారు."

అంతవరకూ ఆ అమ్మాయిని ఆయన నువ్వనే పిలిచేవారు.

ఎస్తేరు ఎక్కింది. వెనక గంపతో సామ్రాజ్యం ఎక్కింది. నాగూర్ రెండుసార్లు బెల్లు కొట్టాడు. అధికారి ఎనిమిదీ పన్నెండుకి హాజరు వేసి, దాని పక్కన, స్థానికుడొకరు గుర్తించారు, అని రాసుకున్నాడు.